శిక్ష పడినోళ్లకు ఓటు ఉండాలా, వద్దా?

బి-క్యాంప్, కర్నూలు:
హత్య కేసులో శిక్ష పడినోడికి ఓటెందుకని నిన్న ఒకాయన అడిగినారు. మన చట్టం శిక్షను అసలు చూడనే చూడదు సార్. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం జైల్లో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉంటే ఓటు లేదు, అంతే. పదేళ్ల శిక్ష పడినా అప్పీలులో బెయిలు తెచ్చుకున్నోడు బూత్‌కు పోయి ఓటేసి రావచ్చు. చిన్న దొంగతనం కేసులో బెయిలొచ్చినా జామీను నిలబడేవాళ్లు దొరక్క కడప సెంట్రల్ జైల్లోనే ఉన్నోడు వెయ్యలేడు. 2022 చివరికి దేశంలో ఖైదీలు 5.73 లక్షలు. అందులో 4.34 లక్షల మంది ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. ఇది అన్యాయం.

కడప వకీలు:
అన్నా, 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందనింది. తన నడవడితో లోపలికి పోయినోడు బయటోళ్లతో సమానంగా అడగలేడని, బందోబస్తు, ఏర్పాట్లు కష్టమని చెప్పింది. శిక్ష పడినోళ్ల వరకు నేనూ ఒప్పుకుంటా. ఫ్యాక్షన్ చూసిన జిల్లాలు మనవి. బ్యారక్‌లో పెద్దోడు చెప్పిన గుర్తుకే అందరూ గుద్దితే దాన్ని ఓటంటామా?

బి-క్యాంప్, కర్నూలు:
ఏర్పాట్లు కష్టమనే మాట నిలవదన్నా. పీడీ యాక్ట్ కింద, అంటే నేరం చేస్తాడేమోనని ముందస్తు నిర్బంధంలో, అదే జైల్లో ఉన్నోడికి పోస్టల్ బ్యాలెట్ ఉంది కదా! నోటిఫికేషన్ వచ్చిన 15 రోజుల్లోపల పేరు, చిరునామా, ఓటరు జాబితాలో నంబరు, నిర్బంధంలో ఉన్న చోటు రాసి రిటర్నింగ్ అధికారికి పంపితే చాలు. ఒకరికి చేతనైంది పక్క బ్యారక్‌కు ఎందుకు కాదు? 2024లో కశ్మీర్ నాయకుడు ఇంజనీర్ రషీద్ తీహార్ జైలు నుంచే బారాముల్లాలో ఎంపీగా గెలిచినాడు. పోటీకి అడ్డు రాని జైలు ఓటుకు అడ్డమా?

అనంతపురం ఓటరు:
వాదన సరే, ఊళ్లో జరిగే తప్పు ఇంకోటుంది. మనిషి జైలుకు పోతానే ‘ఊళ్లో లేడు’ అని ఎవరో ఫారం 7 పెట్టి పేరు తీయిస్తారు. అది చెల్లదు. జైల్లో ఉన్నంత మాత్రాన నివాసం మారదు. ఓటెయ్యలేకపోయినా ఓటరుగానే ఉంటాడని 62(5)కు 2013లో చేసిన సవరణ తేల్చేసింది. తీసేస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చెయ్యాల. గడువు దాటితే విడుదలయ్యాక పేరు చేర్చమని ఫారం 6 పెట్టుకోవాల. నామినేషన్ల ఆఖరి తేదీ దాటిందంటే ఆ ఎన్నికకు జాబితాలో మార్పు ఉండదు, ముందే చూసుకోండి.

కడప వకీలు:
ఈ మాట నిజం. విడుదలైనోడి ఓటును పాత శిక్ష ఆపదు. ఓటుకు డబ్బిచ్చిన, దొంగ ఓటు వేసిన నేరాలు వేరే. అవి రుజువైతే బయటున్నా 6 ఏళ్లు ఓటు పోతుంది, అదే 1951 చట్టం సెక్షన్ 11ఏ. విచారణ ఖైదీల సంగతిలో కర్నూలు అన్న చెప్పిన మాటకు నేను అడ్డం చెప్పను. ముందస్తు నిర్బంధానికిచ్చిన మినహాయింపులోనే వాళ్లనూ చేరిస్తే సరిపోతుంది, అది పార్లమెంటు పని. శిక్ష పడినోళ్లకు మాత్రం వద్దనే నా మాట.