ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ముందా, విపత్తు సన్నద్ధత ముందా?

ప్రశ్న – పరిపాలనాధికారి, కృష్ణా జిల్లా

మిత్రులకు నమస్కారం. దివిసీమకు చేరువలో ఉన్న ఒక పట్టణంలోని వంద పడకల ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా యాజమాన్యం మూడేళ్ల ప్రణాళిక వేస్తోంది. మొదటి ఏడాది ఎన్‌ఏబీహెచ్‌కు (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ మండలికి) దరఖాస్తు చేయాలని, రెండో ఏడాది క్యాథ్‌ల్యాబ్ (గుండె రక్తనాళాల పరీక్షలు, చికిత్సలు చేసే గది) పెట్టాలని, విపత్తుల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చునని వారి ఆలోచన. సలహాదారు తయారుచేసి ఇచ్చిన విపత్తు ప్రణాళికలో భూకంపానికి ఆరు పేజీలు, తుపానుకు అరపేజీ కేటాయించారు. ఎక్కడో మరో రాష్ట్రంలోని ఆసుపత్రి పత్రానికి మా పేరు తగిలించి ఇచ్చారని నా అనుమానం. 1977 ఉప్పెనను కళ్లారా చూసినవారు నేటికీ మా ఓపీకి వస్తూనే ఉన్నారు. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలో, తనిఖీకి వచ్చేవారు ఈ విషయంలో ఏమి చూస్తారో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

జవాబు 1 – నాణ్యతా విభాగాధిపతి, విశాఖపట్నం

అయ్యా, ఆ రెండింటినీ వేరువేరు ఏడాదుల పద్దుల్లో వేయడమే పొరపాటు. ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లోని పది అధ్యాయాల్లో ఒకటి పూర్తిగా భవనం, సదుపాయాలు, భద్రత గురించే ఉంటుంది. అగ్నిప్రమాదాలకూ ఇతర అత్యవసర పరిస్థితులకూ ప్రణాళిక ఉండటం, మాక్ డ్రిల్ జరపడం, అందులో బయటపడిన లోపాలను సరిదిద్దినట్టు చూపడం అందులో భాగాలే. తనిఖీకి వచ్చినవారు ఫైలు తిరగేసి ఊరుకోరు. వార్డులో ఎదురైన ఆయాను ఆపి, మంటలు కనిపిస్తే ఏమి చేస్తావని అడుగుతారు.

ముందుగా మీ ఊరికి ఏ ఆపద రాగలదో, వస్తే ఎంత నష్టం చేయగలదో మీ సిబ్బందితోనే కూర్చుని జాబితా రాయండి. మీ ప్రాంతంలో తుపాను, వరద, బస్సు ప్రమాదం ఎలాగూ ఉంటాయి. చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కర్మాగారాలో, మంచు ఫ్యాక్టరీలో ఉంటే అమ్మోనియా లీకును కూడా చేర్చండి. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడి ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే విష రసాయనపు ఆవిరి వెలువడినప్పుడు వందలాది మందిని ఒక్కసారిగా ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చింది. అటువంటి రోగుల బట్టలు మార్చి, ఒళ్లు కడిగాకే లోపలికి పంపేందుకు గేటు దగ్గర నీళ్లు, చోటు ఉన్నాయా అనే ప్రశ్న మీ ఫైలులో ఉండే అవకాశం తక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. అందువల్ల సిబ్బంది ఫోన్ నంబర్ల పట్టిక ఒక్కటే చాలదు. ఫోను పలకకపోయినా ఎవరు ఎక్కడికి రావాలో ముందే నిర్ణయించి ఉంచాలి.

జవాబు 2 – బయోమెడికల్ ఇంజినీరు, విజయవాడ

పై సలహాతో ఏకీభవిస్తూ, కొన్ని లెక్కలు మాత్రం చెబుతాను. ఐసీయూలో పది మందికి తలా నిమిషానికి పది లీటర్ల చొప్పున ఆక్సిజన్ ఇస్తే గంటకు 6,000 లీటర్లు కావాలి. పెద్ద సిలిండరు ఒకదానిలో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది కాబట్టి అది గంటా పది నిమిషాలకు మించి రాదు. ఇరవై సిలిండర్లున్నా ఒక రోజు గడవడం కష్టం. ఆక్సిజన్‌ను ఇంకా ఎక్కువ వేగంతో పంపే హైఫ్లో పరికరాలు వాడితే ఈ లెక్క పూర్తిగా తారుమారవుతుంది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, పీడనం పడిపోయి 11 మంది చనిపోయారు. అంచేత నిల్వతో పాటు రోడ్డు మూసుకుపోతే రెండో సరఫరాదారు ఏ దారిన వస్తాడో కూడా రాసి ఉంచండి.

జనరేటరు గంటకు 20 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుంటే 72 గంటలకు 1,440 లీటర్లు కావాలి. అంత నిల్వకు ఏ నిబంధనలు వర్తిస్తాయో అగ్నిమాపక శాఖను సంప్రదించి తెలుసుకోండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మేము చూసిందేమిటంటే, ట్యాంకు నిండా డీజిల్ ఉండి ప్యానెల్ బోర్డు మునిగితే ఆ డీజిల్ ఎందుకూ కొరగాదు. మీ జనరేటరు దిమ్మె, ఎలక్ట్రికల్ ప్యానెల్, నీటి మోటారు ఎంత ఎత్తులో ఉన్నాయో టేపు పెట్టి కొలవండి. నా అభిప్రాయంలో మీ మొదటి ఖర్చు అక్కడే.

జవాబు 3 – నర్సింగ్ సూపరింటెండెంట్, హైదరాబాద్

డ్రిల్లును పగలు పదకొండింటికి, అందరికీ ముందే చెప్పి జరపడం వల్ల ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. నేను ఇంతకుముందు పనిచేసిన ఆసుపత్రిలో ఒకసారి రాత్రి రెండింటికి, రోగులకు ఇబ్బంది లేకుండా, కోడ్ రెడ్ (మంటలు వచ్చాయని సిబ్బందిని హెచ్చరించే సంకేతం) ప్రకటించాలనుకున్నాం. మైకు ఉన్న గదికి తాళం వేసి ఉంది, తాళంచెవి బిల్లింగ్ మేనేజరు ఇంట్లో ఉంది. కాపలావాళ్లు ఏజెన్సీ పంపే మనుషులు, నెలనెలా మారుతుంటారు. కోడ్ రెడ్ అంటే ఏమిటో వారిలో ఒక్కరికీ తెలియదు. అంతకుముందు తనిఖీలో మాకు ఆ అంశానికి మంచి మార్కులే వచ్చాయని చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వెంటిలేటరు మీద ఉన్న రోగిని మెట్ల మీదుగా దింపడం చివరి మార్గం. ముందు అదే అంతస్తులో, పొగను ఆపే తలుపుకు అవతలి భాగానికి తరలించాలి. కోల్‌కతాలో 2011 డిసెంబర్ 9న బేస్‌మెంట్‌లో మంటలు పుట్టిన ఆసుపత్రిలో దాదాపు 90 మంది చనిపోగా, ఎక్కువమందిని బలిగొన్నది పైకి పాకిన పొగే. మీ భవనంలో ఆ తలుపులు ఉన్నాయా, ఉంటే గాలి కోసం ఇటుకలు అడ్డంపెట్టి తెరిచి ఉంచుతున్నారా అన్నది ఒకసారి చూడండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని కొలిచాను. మా జనరేటరు దిమ్మె రోడ్డు కంటే అడుగున్నర పల్లంలో ఉంది, ప్యానెల్ గది కూడా అదే మట్టంలో ఉంది. ఆ కొలతలను ఫొటోలతో సహా సోమవారం యాజమాన్య సమావేశంలో ముందుంచుతాను. దిమ్మె, ప్యానెల్ ఎత్తు పెంచే పనిని మొదటి ఏడాది పద్దులోకి తెచ్చి, క్యాథ్‌ల్యాబ్‌ను ఆరు నెలలు వెనక్కి జరపమని అడుగుతాను. మైకు గది తాళంచెవిని ఈ రాత్రికే క్యాజువాలిటీలో పెట్టించాను.