యెగార్ క్రియకు తెరచాపతో పనిలేదు

స్పానిష్‌లో ‘చేరుకొను’ అనే అర్థమున్న యెగార్ క్రియ, ‘మడచుట’ అనే అర్థంగల లాటిన్ ప్లికారే నుంచి వచ్చింది. రేవు చేరిన నావికులు తెరచాపలు మడిచేవారు కనుక మడవడమే చేరడమైందని తరచుగా చెబుతారు. రుమేనియన్‌లో ఇదే క్రియ ప్లెకాగా మారి ‘బయలుదేరు’ అనే అర్థం పొందడానికి, సైనికులు గుడారాలు మడిచి కదలడమే కారణమంటారు. వినడానికి ముచ్చటగా ఉన్నా తెరచాప కథను నేను అంగీకరించలేను.

అంతకంటే గట్టి ఆధారం లాటిన్‌లోనే ఉంది. ‘వైపు’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరిన అప్లికారేను, ప్రాచీన రచయితలు ఓడను ఒడ్డుకు ఆనించడమనే అర్థంలో వాడారు. మడిచిన పొరలు ఒకదానికొకటి ఆనుకుంటాయి కనుక ఈ అర్థవిస్తరణ సహజమే. నాలుగో శతాబ్దం చివర పవిత్రభూమికి యాత్ర చేసిన ఎగేరియా అనే స్త్రీ తన వృత్తాంతంలో, ఉపసర్గలేని ప్లికారేనే నేలమీది ప్రయాణంలో ‘సమీపించుట’కు వాడింది. అక్కడ మడవడానికి తెరచాపే లేదు. ఒడ్డు నుంచి రాకకు అర్థం సాగడం అరుదేమీ కాదు: ఇంగ్లీషు అరైవ్ కూడా, ‘ఒడ్డు’ అనే అర్థంగల లాటిన్ రీపా నుంచి ఫ్రెంచి ద్వారా వచ్చినదే.

ధ్వనుల విషయంలో సందేహానికి తావులేదు. పదం మొదటి ప్లకారం స్పానిష్‌లో రెండు ఎల్ అక్షరాలతో రాసే ధ్వనిగా మారింది: ‘నిండిన’ అనే ప్లేనుస్ యేనో అయింది, ‘వాన’ అనే ప్లువియా యూవియా అయింది. పోర్చుగీసు అదే చోట షకారం పలికి షెగార్ అంటుంది. అమీకుస్ అమీగో అయినట్టే ఇక్కడా అచ్చుల నడుమ కకారం గకారమైంది. ప్రజల నోట ఇంతగా అరిగిన మాట పక్కనే, పండితులు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్న అప్లికార్ కూడా నిలిచి ఉంది; మూలం ఒకటేనని వాటి రూపాలు చూసి ఊహించడం కష్టం.

ఇంగ్లీషు బంధువులు చాలామంది. అప్లై, రిప్లై, డిస్‌ప్లే, ఎక్స్‌ప్లిసిట్ అన్నీ ఈ మడతలోవే. కాంప్లికేట్ అంటే కలిపి మడచడం. మన ‘మడతపేచీ’ ఈ ఊహకు ఎంత దగ్గరో చూడండి. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఇంప్లై, ఎంప్లాయ్: ‘లోనికి మడచుట’ అనే ఒకే ఇంప్లికారే పాత ఫ్రెంచిలో రెండు దారుల్లో నడిచి, ఒకటి మాటలో దాగిన అర్థానికీ మరొకటి మనిషికి పని అప్పగించడానికీ పేరైంది.