లాన్‌లో ఉన్నవి చించ్ బగ్సేనా? ఒక్కో ఫొటో ఒక్కోలా ఉంది

పచ్చికబయలు:
లాన్‌లో ఎండ బాగా తగిలే వైపు గడ్డి అక్కడక్కడా పసుపుపచ్చగా మారి ఎండిపోతోంది, ఎన్ని నీళ్లు పెట్టినా కోలుకోవట్లేదు. గడ్డి విడదీసి చూస్తే చిన్న చిన్న పురుగులు పరుగెడుతున్నాయి. చించ్ బగ్స్ అని పక్కింటాయన అన్నారు కానీ, ఆ పేరుతో వెతికితే ఒకచోట ఎర్రగా, ఒకచోట బూడిద రంగులో, ఇంకోచోట ఏకంగా మంచాల్లో ఉండే నల్లుల ఫొటోలు వస్తున్నాయి. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది. మందు కొట్టేయనా?

గడ్డిపరక:
పిల్లల గురించి భయపడకండి. చించ్ అన్నది స్పానిష్‌లో నల్లిని పిలిచే పేరు నుంచే వచ్చింది, అందుకే ఆ ఫొటోలు కలిసిపోతున్నాయి. లాటిన్ అమెరికాలో చాగస్ జబ్బును మోసే పురుగునీ అలాగే పిలుస్తారు, అది అంగుళం దాకా ఉంటుంది, మీరు చూసింది అది కాదు. లాన్‌ని పాడుచేసేవి బ్లిస్సస్ జాతివి, గడ్డి రసమే వాటి తిండి. పెద్దవి 3-4 మిల్లీమీటర్లు, ఒళ్లు నల్లగా, రెక్కలు తెల్లగా ఉంటాయి. పిల్ల పురుగులు ఎర్రగా ఉండి వీపు మీద అడ్డంగా తెల్లటి పట్టీ కనిపిస్తుంది, పెరిగేకొద్దీ నల్లబడతాయి. వీటిలోనూ రకాలున్నాయి: మొక్కజొన్న, జొన్న, గోధుమల మీద పడేది ఒకటి, ఫ్లోరిడా వైపు సెయింట్ అగస్టీన్ గడ్డిని తినేది ఇంకొకటి. బూడిద రంగుది నైసియస్, దొంగ చించ్ బగ్ అంటారు. ఆవాల కుటుంబపు కలుపు మొక్కలు ఎండిపోయాక గుంపులుగా వచ్చిపడుతుంది, లాన్ గడ్డి జోలికి పెద్దగా పోదు.

ఆకుపురుగు:
దయచేసి ఇప్పుడే మందు కొట్టకండి! జియోకోరిస్ అని ఒకటుంది, సైజూ ఆకారమూ దాదాపు ఇలాగే ఉంటాయి, తల వెడల్పుగా, కళ్లు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి ఉంటాయి, చాలా వేగంగా పరుగెడుతుంది. అది చించ్ బగ్స్‌నే పట్టి తింటుంది. స్ప్రే చేస్తే అదీ చచ్చిపోతుంది, తర్వాత మిగిలిన చించ్ బగ్స్‌కి అడ్డే ఉండదు. నాకు చాలా బాధ కలిగించేది ఇదే, జనం మంచి పురుగుని చూసి లాన్ మొత్తానికి మందు కొట్టేస్తారు.

ఒక డబ్బాకి రెండు వైపులా మూత, అడుగు తీసేసి, పసుపు గడ్డీ పచ్చ గడ్డీ కలిసే అంచు దగ్గర రెండు మూడు అంగుళాలు భూమిలోకి దింపి నీళ్లు నింపండి. ఇంకుతున్న కొద్దీ పోస్తూ పది నిమిషాలు ఆగితే ఉన్నవి పైకి తేలతాయి. పూర్తిగా ఎండిన చోట చూస్తే ఏమీ దొరకవు, రసం అయిపోగానే అవి పక్కకి జరుగుతాయి.

పచ్చికబయలు:
చేశాను. తెల్ల పట్టీ ఉన్న ఎర్రవి చాలా తేలాయి, కళ్లు పొడుచుకొచ్చినవి కూడా కొన్ని ఉన్నాయి.

ఆకుపురుగు:
అయితే లాన్ అంతటికీ వద్దు, పసుపు మచ్చలూ వాటి చుట్టుపక్కల కొద్ది మేరా మాత్రమే మందు వాడండి, లేబుల్ మీద చించ్ బగ్స్ అని ఉందో లేదో చూసుకోండి. నత్రజని ఎరువు తగ్గించండి, గడ్డి అడుగున పేరుకున్న ఎండు పొరని తీసేయండి, అవి దాక్కునేది అందులోనే.