తెలుగు వాక్యానికి కామా ఎక్కడ కావాలి?

"తాళపత్రాల మీద కామాలు లేకుండానే భారతం చదువుకున్నాం కదా, తెలుగుకి విరామచిహ్నాలు నిజంగా అవసరమా" అని గ్రూపులో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న, కామెంటులో ఇమడదని విడిగా రాస్తున్నాను.

నిజమే, తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. ఈ కామాలు, కొటేషన్లు మనం అచ్చుతో పాటు ఇంగ్లీషు గద్యాన్ని చూసి తెచ్చుకున్నవే. అవి లేకుండా అన్నాళ్లు నడిచిందంటే పద్యానికి ఛందస్సు తోడుండటం ఒక కారణం, మన వ్యాకరణమే సగం పని చేసిపెట్టడం ఇంకో కారణం. సమాపక క్రియ, అంటే "పడుకున్నాడు" లాంటి పని పూర్తయిన క్రియ, వచ్చిందా, వాక్యం అయిపోయినట్టే. "వెళ్లి తిని పడుకున్నాడు" అన్నప్పుడు కామాలు లేకపోయినా ఏమీ పోదు, క్త్వార్థకం, అంటే "వెళ్లి", "తిని" లాంటి రూపం, చూడగానే మాట ఇంకా ఉందని తెలిసిపోతుంది. "వచ్చాడా"లో చివరి దీర్ఘమే ప్రశ్న, "వచ్చాడో"లో ఓకారమే సందేహం, "అని" వచ్చిందంటే ఎవరిదో మాట అక్కడికి ముగిసింది.

గమనించండి, ఈ గుర్తులన్నీ చివరే ఉన్నాయి. ఎక్కడ ముగిసిందో తెలుగు స్పష్టంగా చెబుతుంది, ఎక్కడ మొదలైందో చెప్పదు. నా ఉద్దేశంలో చిహ్నం కావలసింది సరిగ్గా అక్కడే.

"తమ్ముడు నేను వస్తానని చెప్పాడు." వచ్చేదెవరు, తమ్ముడా నేనా? "అని" ముగింపు చూపించింది గానీ తమ్ముడి మాట ఎక్కడ మొదలైందో చూపించలేదు. తమ్ముడు "నేను వస్తా"నని చెప్పాడు అని రాస్తే గొడవ లేదు.

ఇంకొకటి, "నాన్న చెప్పినట్టే రాలేదు." నాన్న తర్వాత కామా పెడితే రానిది నాన్నే, ముందే చెప్పి మరీ రాలేదు. "చెప్పినట్టే" తర్వాత పెడితే రానిది ఇంకెవరో, నాన్న ముందే చెప్పాడు. మామూలుగా క్రియ చివర చూసి కర్త ఎవరో కొంత పట్టుకుంటాం, కానీ "నేను రాలేదు, వాళ్లు రాలేదు, బస్సు రాలేదు" అన్నింటికీ "రాలేదు" ఒకటే కాబట్టి వ్యాకరణం ఇక్కడ చేతులెత్తేస్తుంది. మాట్లాడేటప్పుడు ఆగిన చోటు చెబుతుంది, కాగితం మీద కామాయే చెప్పాలి.

పదాల మధ్య ఖాళీ సంగతీ ఇంతే. "పాత పుస్తకాల షాపు" అంటే ఏది పాత, పుస్తకాలా షాపా? హైదరాబాద్‌లో పాత పుస్తకాలు అమ్మే కోఠిలో, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరిగినవాళ్లకి అడగక్కర్లేదు, కొత్తగా ఊరికొచ్చినవాళ్లకి సందేహం రావచ్చు. "పాతపుస్తకాల షాపు" అని కలిపి రాస్తే సరి.

కామెంట్: మరి "వస్తావా" తర్వాత ప్రశ్నార్థకం తీసెయ్యొచ్చా అండీ?

జవాబు: తీసేసినా అర్థం మారదండీ, అలవాటు కాబట్టి ఉంచుదాం. "ఎవరొస్తారో తెలియదు" తర్వాత మాత్రం వద్దు, చాలామంది పెడుతున్నారు, అది ప్రశ్న కాదు. కానీ మన హైదరాబాద్ మెసేజీల్లో "ఈరోజు వస్తున్నవ్?" అని రాస్తాం చూడండి, అక్కడ దీర్ఘం లేదు, ప్రశ్నంతా ఆ గుర్తులోనే ఉంది, దాన్ని వదలొద్దు.