హాస్టల్ డార్మ్‌లో వయసు పరిమితి పెట్టడం న్యాయమేనా?

నడకదారి:
అందరికీ నమస్తే. నా వయసు 47, ఆడమనిషిని, ఒక్కదాన్నే తిరుగుతుంటా, పదేళ్ళుగా ఏ ఊరెళ్ళినా బ్యాక్‌ప్యాకర్ హాస్టల్లోనే (ఊళ్ళు తిరిగేవాళ్ళు గది కాకుండా ఒక్క మంచం చవకగా తీసుకునే చోటు) దిగుతా. పోయిన నెల ఒక పెద్ద సిటీకి వెళ్తూ స్టేషన్‌కి దగ్గర్లో ఉందని ఒక హాస్టల్‌లో, ఎనిమిది బెడ్ల ఫిమేల్ డార్మ్‌లో, అంటే ఆడవాళ్ళు మాత్రమే కలిసి పడుకునే పెద్ద గదిలో, నాలుగు రాత్రులకి బుక్ చేసుకున్నా, మొదటి రాత్రి డబ్బులు ముందే కట్టేసా. బస్సు లేటయ్యి రాత్రి పదిన్నరకి చేరా. రిసెప్షన్‌లో అబ్బాయి నా ఐడీ తీసుకుని పుట్టిన సంవత్సరం దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు, మళ్ళీ ఒకసారి చూసి "సారీ మేడమ్, మా దగ్గర 18 నుంచి 40 వరకే" అన్నాడు. ఎక్కడ రాసుందయ్యా అని అడిగితే తన కంప్యూటర్‌లో నా బుకింగ్ పేజీ తెరిచి కిందికి జరుపుతూ జరుపుతూ, క్యాన్సిలేషన్ గురించి, టవల్ అద్దె గురించి, పెంపుడు జంతువుల గురించి అన్నీ దాటాక ఒక లైన్ చూపించాడు. నిజమే, ఉంది. నాకొచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్‌లో మాత్రం లేదు. కట్టిన డబ్బులు తిరిగివ్వడం కుదరదన్నారు. బ్యాగ్ కాళ్ళ దగ్గర పెట్టుకుని అక్కడే సోఫాలో కూర్చుని ఫోన్‌లో ఇంకో చోటు వెతుక్కోడానికి గంట పైన పట్టింది, దొరికింది కూడా సిటీకి ఆ చివర.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, పాపం ఉద్యోగం చేసుకుంటున్నాడు. నా గొడవ ఆ రూల్ తోనే. డార్మ్‌లో నలుగురికీ ఇబ్బంది కలిగేది మనిషి తీరు వల్ల, పుట్టిన సంవత్సరం వల్ల కాదు. పొద్దున్నే బండి ఉంటే నేను ముందు రోజు సాయంత్రమే బ్యాగ్ సర్దేస్తా, బట్టలన్నీ గుడ్డ సంచుల్లో పెడతా ఎందుకంటే ప్లాస్టిక్ కవర్ చప్పుడు ఆ చీకట్లో అందర్నీ లేపేస్తుంది, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చాకే వేసుకుంటా. ఇవన్నీ చేసే మనిషిని బయట కూర్చోబెట్టి, రెండింటికి లైట్ వేసే మనిషిని 22 ఏళ్ళే కదా అని లోపలికి పంపడం ఏం న్యాయం? మీరేమంటారు?

పై_బంక్:
మేడమ్ మీకు జరిగింది బాధాకరమే, రాత్రి పూట అలా వెనక్కి పంపకూడదు, అది నేనూ ఒప్పుకుంటా. కానీ రూల్ తప్పని మాత్రం అనలేను. నాకు 24. నేను హాస్టల్‌కి వెళ్ళేది మంచం చవకని ఒక్కటే కాదు, ఒంటరిగా వెళ్ళినా సాయంత్రానికి కామన్ రూమ్‌లో నలుగురు దొరుకుతారు, మర్నాడు కలిసి సిటీ తిరుగుతాం, అందుకు వెళ్తా. అమ్మానాన్నల వయసు వాళ్ళు పక్కన కూర్చుంటే మనం పెరిగిన పద్ధతి అలాంటిది, నోరు దానంతటదే తగ్గిపోతుంది. ఒకసారి ఒక అంకుల్ మంచివాడే, కానీ మూడు రోజులూ ఉద్యోగం ఏంటి, జీతం ఎంత, పెళ్ళెప్పుడు అంటూనే ఉన్నాడు, ఇవి తప్పించుకుందామనే కదా ఇంట్లోంచి బయల్దేరింది. పిల్లలు రాకూడదని పెట్టిన చోటుని ఎవరూ తప్పు పట్టరు, 18 లోపు వాళ్ళని డార్మ్‌లో చాలా చోట్ల రానివ్వరు, అది ఓకే అయినప్పుడు పైన కూడా ఒక గీత ఉంటే ఎందుకు తప్పు? మాలాంటి వాళ్ళకి కొన్ని చోట్లు ఉండనివ్వండి. ఏ పరిమితీ లేని హాస్టళ్ళే ఎక్కువ కదా.

నైట్_డెస్క్:
నేను మూడేళ్ళు ఒక హాస్టల్‌లో నైట్ షిఫ్ట్ రిసెప్షన్ చేసా, అటువైపు నుంచి చూసింది చెప్తా. వయసు పరిమితి పెట్టే ఓనర్లు చాలామంది పెద్దవాళ్ళంటే పడక పెట్టరు. వాళ్ళ భయం వేరే. పెద్ద సిటీలో అద్దెలు ఎక్కువ, అడ్వాన్సు కట్టలేని వాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్ళు, ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన వాళ్ళు డార్మ్ బెడ్ తీసుకుని వారాలకి వారాలు ఉండిపోతారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి అంతకంటే చవకైన కప్పు దొరకదు. కానీ బంక్ (ఒకదాని మీద ఒకటి ఉండే మంచం) చుట్టూ బట్టలు ఆరేసి, కిటికీ గట్టు మీద సామాన్లు పేర్చి, ఆ గది మెల్లగా వాళ్ళ ఇల్లైపోతుంది, రెండు రాత్రులకి వచ్చినవాడు వేరేవాళ్ళ ఇంట్లోకి వచ్చినట్టు బిక్కుబిక్కుమంటూ పడుకుంటాడు, వెళ్ళాక రివ్యూలో రాస్తాడు. కొన్ని బుకింగ్ సైట్లలో శుభ్రతకి మార్కులిచ్చినట్టే వాతావరణానికీ విడిగా మార్కులుంటాయి, ఆ నంబర్ పడిపోతే బెడ్లు ఖాళీ. అందుకని ఓనర్ చేతికందిన కత్తెర తీసుకుంటాడు, అదే వయసు.

నా మాట అడిగితే అది తప్పు కత్తెర. ఆ పనికి సరైనది రాత్రుల పరిమితి, ఒక మనిషి వరసగా ఏడు లేదా పద్నాలుగు రాత్రులకి మించి ఉండకూడదని, అలా పెట్టినవి ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. ఇంకోటి, నా షిఫ్టులో అర్ధరాత్రి రెండింటికి మెట్లు దిగొచ్చి "మా గదిలో పడుకోనివ్వట్లేదు" అని చెప్పినవి గుర్తు చేసుకుంటే, ఎక్కువగా అవి ఆరుగురు ఎనిమిదిమంది గుంపుగా వచ్చిన కుర్రాళ్ళ మీదే. పెద్దవాళ్ళ మీద వచ్చే కంప్లయింట్ ఒకటే, గురక. దానికి మనిషిని ఏమనగలం, ఇయర్ ప్లగ్స్ డెస్క్ మీద డబ్బాలో పెట్టేవాళ్ళం, అడిగినవాళ్ళకి ఇచ్చేసేవాళ్ళం.

దుప్పటి_చాటు:
నేను అమ్మాయిని, 26, ఒక్కదాన్నే తిరుగుతా. నాకు రెండు రకాలుగానూ అనుభవం ఉంది అందుకే గట్టిగా ఒకవైపు నిలబడలేకపోతున్నా.

ఒకసారి ఫిమేల్ డార్మ్ ఫుల్ అయ్యి మిక్స్‌డ్ డార్మ్ (ఆడా మగా కలిసి ఉండే గది) తీసుకున్నా, నాది కింది బంక్. ఎదురు బంక్‌లో యాభై పైన ఒకాయన. మొదటి రాత్రి మామూలుగానే మాట్లాడాడు, రెండో రాత్రి నేను ఫోన్ చూసుకుంటూ పడుకుని ఉంటే వచ్చి నా పరుపు చివర కూర్చున్నాడు, మాట్లాడ్డానికే, కానీ నా పాదాలకి జానెడు దూరంలో. ఆ బంక్‌కి కర్టెన్ లేదు. కాళ్ళు ముడుచుకుని గోడకి ఆనుకుని, ఎంతసేపు నవ్వుతూ జవాబులు చెప్పానో నాకే తెలీదు. లేచి కిందకెళ్ళి చెప్తే వెంటనే గది మార్చారు, అది మంచి విషయం. ఆ తర్వాత రెండేళ్ళు వయసు పరిమితి ఉన్న చోట్లే వెతుక్కుని మరీ బుక్ చేసా.

అలా వెతుక్కున్న చోటే ఇంకోసారి జ్వరం వచ్చింది, నా వయసు వాళ్ళే చుట్టూ, అందరూ పొద్దున్నే టూర్లకి వెళ్ళిపోయారు, రోజంతా ఒక్కదాన్నే పడుకుని ఉన్నా, నీళ్ళ బాటిల్ నింపుకోడానికి పై బంక్ నిచ్చెన దిగడం కూడా కష్టమైంది. దానికి ముందు ఏడాది వేరే ఊళ్ళో ఇలాగే ఒంట్లో బాలేనప్పుడు కింది బంక్‌లో ఉన్న ఒక పెద్దావిడ అడక్కుండానే నా మంచం తనకి తీసుకుని తన మంచం నాకిచ్చేసింది, రాత్రి రెండుసార్లు లేచి నుదురు పట్టుకుని చూసింది. ఆవిడకి అరవై ఉంటాయేమో. ఆ వయసులో నాకోసం నిచ్చెన ఎక్కింది.

కాబట్టి నా ఓటు, మిక్స్‌డ్ డార్మ్‌లో పరిమితి ఉంటే నాకు అభ్యంతరం లేదు, ఫిమేల్ డార్మ్‌లో మాత్రం ఎందుకో అర్థం కాదు.

నడకదారి:
చెల్లీ, నువ్వు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నా. నీకు అలా జరక్కుండా ఉండాల్సింది. ఒక్క మాట మాత్రం అడుగుతా, అదే పని పాతికేళ్ళవాడు చేస్తే నీకు ఆ భయం తగ్గేదా? అతను చేసింది తప్పు, ఆ తప్పు రాకుండా ఆపేవి బంక్‌కి కర్టెన్, గదిలో వేరేవాళ్ళ మంచం మీద కూర్చోకూడదని తలుపు మీద రాసిన రూల్, చెప్పగానే గది మార్చే స్టాఫ్. ఎవడో ఒకడు హద్దు దాటాడని ఆ వయసు వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. నీకోసం మంచం మార్చుకున్న ఆవిడ కూడా ఆ గాటనే ఉంది కదా.

పై_బంక్ తమ్ముడూ, జీతం ఎంత అని అడిగే అంకుల్ విషయంలో నేను నీవైపే. కానీ నువ్వు చెప్పేది కామన్ రూమ్ సంగతి. నేను అడుగుతున్నది మంచం. నాకు కామన్ రూమ్‌లో చోటు ఇవ్వకపోయినా పర్లేదు.

పాత_సంచి:
నా వయసు 61, ఇప్పటికీ డార్మ్‌లోనే పడుకుంటా, కింది బంక్ దొరికితే. అందరూ ఇప్పటి సంగతి మాట్లాడుతున్నారు కాబట్టి ఈ హాస్టల్ అనేది ఎవరి కోసం పుట్టిందో కాస్త చెప్తా, రెండు వైపుల వాళ్ళకీ పనికొస్తుంది.

రిచర్డ్ షిర్మాన్ అని జర్మనీలో ఒక బడిపంతులు, పరిశ్రమల పొగలో పెరిగే పిల్లల్ని నడిపించుకుంటూ పల్లెలకి తీసుకెళ్ళేవాడు. 1909 ఆగస్టులో అలా వెళ్ళినప్పుడు పెద్ద గాలివాన పట్టుకుంది, ఒక ఊరి బడిలో తలదాచుకుని గడ్డి పరుచుకుని పిల్లల్ని పడుకోబెట్టాడు. సెలవుల్లో బడులన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచొచ్చే పిల్లలకి రాత్రి పూట ఇవే ఇస్తే సరిపోతుంది కదా అని ఆ రాత్రే తోచింది ఆయనకి. 1912లో ఆల్టెనా కోటలో మొట్టమొదటి శాశ్వత యూత్ హాస్టల్ మొదలైంది, 1932లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పలు దేశాల యూత్ హాస్టల్ సంఘాలు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. అంటే పేరులోనే యూత్ ఉంది, పిల్లల కోసమే పుట్టింది, పై_బంక్ బాబు అడిగేది కొత్త కోరికేం కాదు. జర్మనీలోనే బవేరియాలో అయితే ఈ మధ్యదాకా, 2005 వరకు, పిల్లలతో వచ్చిన కుటుంబాలకి తప్ప 26 దాటినవాళ్ళకి యూత్ హాస్టళ్ళలో చోటుండేది కాదు. తర్వాత వాళ్ళే తీసేసారు.

రెండోవైపు చూడండి. బ్రిటన్‌లో 1930లో ఇదే పద్ధతి మొదలైనప్పుడు తమ ఉద్దేశాల్లో అందరికీ, ముఖ్యంగా యువతకి అని రాసుకున్నారు. అందరికీ అన్న మాట ముందుంది. అక్కడ పెట్టిన గట్టి రూల్ వయసు మీద కాదు, నడిచో సైకిల్ మీదో వచ్చినవాళ్ళకే, కారులో దిగినవాళ్ళకి లేదు. పొద్దున్న బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ ఏదో ఒక పని చెయ్యాలి, ఒకరు ఊడవాలి, ఒకరు గిన్నెలు తోమాలి. నువ్వు ఎలా వచ్చావ్, ఇక్కడ ఎలా ఉంటావ్ అని చూసేవాళ్ళు. నాకు అది నచ్చుతుంది. ఇప్పుడెవరూ ఊడవరనుకోండి, కానీ చీపురు పట్టుకున్న చోట ఎవరి వయసు ఎంతో ఎవరికీ గుర్తుండదు, చిన్నప్పుడు క్యాంపుల్లో చూసా.

పై_బంక్:
ఇది నాకు తెలీదు అంకుల్, థాంక్స్. కానీ 1930 హాస్టల్ కొండల్లో నడిచేవాళ్ళకి, ఇప్పటి సిటీ హాస్టల్ పూర్తిగా వ్యాపారం, ఎవరికి అమ్మాలో వాళ్ళిష్టం కదా. ఇంకో సంగతి ఎవరూ మాట్లాడట్లేదు, కింది బంక్. ప్రతి డార్మ్‌లో సగం మంచాలు పైవే. మోకాళ్ళ నొప్పులని పెద్దవాళ్ళు అడిగితే కాదనలేం, నేను ఇప్పటికి మూడుసార్లు ముందే బుక్ చేసుకున్న కింది బంక్ ఇచ్చేసా. ఆ నిచ్చెన సన్నటి ఇనుప కడ్డీలు, వట్టి కాళ్ళతో ఎక్కితే అరికాళ్ళు కోసుకుపోతాయి, అర్ధరాత్రి బాత్రూమ్‌కి దిగాలంటే మంచం మొత్తం ఊగి కిందవాళ్ళు లేస్తారు. ఇచ్చినందుకు బాధ లేదు, కానీ ఇవ్వకపోతే నేనే చెడ్డవాడినైపోతా, ఆ ఒత్తిడి ఎప్పుడూ చిన్నవాళ్ళ మీదే ఎందుకు పడాలి?

నైట్_డెస్క్:
అది స్టాఫ్ తప్పు బ్రో, నీ తప్పూ కాదు అడిగినవాళ్ళ తప్పూ కాదు. బెడ్ నంబర్ రాసిచ్చేది డెస్క్‌లో మేమే, సాయంత్రం రాబోయేవాళ్ళ లిస్ట్ ముందే ఉంటుంది, కింది బంక్ కావాలని ముందు మెసేజ్ పెట్టినవాళ్ళకి పక్కన పెట్టడం రెండు నిమిషాల పని. ఎవరు ముందొస్తే వాళ్ళదే అని వదిలేసే చోటే ఈ గొడవలన్నీ. పెద్దవాళ్ళకి నా సలహా కూడా అదే, బుక్ చేసే ముందు నేరుగా హాస్టల్‌కే ఒక మెసేజ్ పెట్టండి, నా వయసు ఇంత, కింది బంక్ కావాలి, కుదురుతుందా అని. రాతపూర్వకంగా సరే అన్నాక డెస్క్ దగ్గర ఎవడూ వెనక్కి పంపలేడు.

నడకదారి గారూ, మీ డబ్బుల విషయం వదలకండి. మెయిల్‌లో పరిమితి రాయలేదంటున్నారు కాబట్టి ఆ మెయిల్ జతచేసి బుకింగ్ సైట్ వాళ్ళకి రాయండి, హాస్టల్‌కి కాదు. హాస్టల్ ఇవ్వనన్నా సైట్ కలగజేసుకుంటే ఇచ్చిన సందర్భాలు నేను చూసా.

దుప్పటి_చాటు:
అక్కా మీరడిగినదానికి జవాబు ఆలోచించా. పాతికేళ్ళవాడు కూర్చున్నా భయం తగ్గేది కాదు, కానీ లేవరా అని గట్టిగా అనగలిగేదాన్నేమో. పెద్దాయన అనేసరికి నోరు రాలేదు. అందుకే ఇంకా మిక్స్‌డ్ విషయంలో నా మాట మార్చుకోలేకపోతున్నా, ఏమనుకోకండి.

నడకదారి:
ఏమనుకుంటా, నిజం చెప్పావ్. ఆ కోణం నాకు తట్టలేదు, నా కూతురికీ నీ వయసే. మిక్స్‌డ్ డార్మ్ గురించి ఇక వాదించను, ఫిమేల్ డార్మ్ గురించి మాత్రం వదలను.

నైట్_డెస్క్ గారూ, ఇందాకే సైట్ వాళ్ళకి రాసా, మెయిల్ జతచేసా. వచ్చే నెల మళ్ళీ అదే సిటీకి వెళ్ళాలి, ఈసారి మూడు హాస్టళ్ళకి వయసు చెప్పి మెసేజ్ పెట్టా. ఒకరు రండి అన్నారు, కింది బంక్ పక్కన పెడతామని కూడా రాసారు. ఇంకొకరు 45 వరకే అన్నారు. మూడో వాళ్ళ నుంచి ఇంకా రిప్లై లేదు.