మయాల్ క్రీక్: ఏడుగురిని ఉరి తీశారు కదా?

ప్రశ్న – బ్రిస్బేన్‌లో గుంటూరమ్మాయి:
టామ్‌వర్త్ వెళ్తూ బింగరా దగ్గర మయాల్ క్రీక్ స్మారకం దగ్గర ఆగాం. 1838 జూన్ 10న సుమారు 28 మంది విరయరాయ్ జనాన్ని (ఇక్కడి ఆస్ట్రేలియా ఆదివాసులు) చంపిన చోటు. "స్టేషన్‌లో" అని చదివి మా పాప "రైల్వే స్టేషనా అమ్మా?" అంది. ఇక్కడ పశువుల మేతకి పట్టుకున్న భూమిని స్టేషన్ అంటారని చెప్పా. తర్వాత అడిగినదానికే తడుముకున్నా: "ఏడుగురిని ఉరి తీశారుగా, న్యాయం జరిగినట్టేగా?"

జవాబు – ఇన్వరెల్ పాతకాపు:
తల్లీ, ఆ ఊరికి దగ్గర్లోనే మూడేళ్లు పనిచేశాను. పాపకి ముందు జార్జ్ ఆండర్సన్ గురించి చెప్పు. శిక్ష పడి ఇంగ్లాండు నుంచి వచ్చినవాడు, స్టేషన్‌లో గుడిసె కాపలా. పన్నెండు మంది, ఎక్కువగా చుట్టుపక్కల స్టేషన్ల పశుకాపర్లు, గుర్రాల మీద వచ్చి ముసలివాళ్లనీ ఆడవాళ్లనీ పిల్లల్నీ ఒకే పొడుగాటి తాడుకి కట్టి తీసుకెళ్లారు. వయసులో ఉన్న మగవాళ్లు అప్పటికే పక్క స్టేషన్‌కి చెట్ల బెరడు కొట్టడానికి వెళ్లారు. కాసేపటికి ఆండర్సన్‌కి రెండే తుపాకీ మోతలు వినిపించాయి. మిగతా పనంతా కత్తులతోనే.

అతను కోర్టులో చెప్పాడు కాబట్టే కేసు నిలబడింది. అయినా మొదటి జ్యూరీ పదకొండు మందినీ పావుగంటలో వదిలేసింది. అటార్నీ జనరల్ ప్లంకెట్ ఊరుకోలేదు, ఒక చిన్నపిల్ల హత్య మీద ఏడుగురిపై మళ్లీ విచారణ పెట్టించాడు. డిసెంబర్ 18న ఉరి. మిగతా నలుగురినీ వదిలేశారు. పన్నెండోవాడు జాన్ ఫ్లెమింగ్, వాళ్లలో శిక్ష మీద రాకుండా ఇక్కడే పుట్టిన ఒకే ఒక్క స్వేచ్ఛాపౌరుడు. అతను దొరకనే లేదు. ఇక న్యాయం ఎంతో నువ్వే లెక్కేసుకో.

జవాబు – పెర్త్ శీను:
అన్నా, 1928 సంగతి కూడా. నార్తర్న్ టెరిటరీలో కోనిస్టన్ దగ్గర పోలీసు బృందం చంపిన ఆదివాసులు అధికారిక లెక్కలోనే 31 మంది. విచారణ బోర్డు అదంతా ఆత్మరక్షణే అంది, ఒక్కడికీ శిక్ష లేదు. మయాల్ క్రీక్ కేసులో ఉరి పడింది కాబట్టే ఆ పేరు మనకి తెలుసు.

జవాబు – గుంటూరమ్మాయి:
బాబాయ్ గారూ, రాత్రి పాపకి చెప్పా. అక్కడే పనిచేసే డేవీ అనే ఆదివాసీ ఉన్నాడట, ప్రమాణం చేసే అర్హత లేదని కోర్టు అతని సాక్ష్యం తీసుకోలేదట, నిజమేనా?

ఇన్వరెల్ పాతకాపు:
నిజమే తల్లీ. బైబిలు మీద ప్రమాణం చేయలేనివాడి మాట అప్పటి కోర్టులో చెల్లదు.

గుంటూరమ్మాయి:
"అతను వాళ్ల దేవుడి మీద ఒట్టేస్తే సరిపోయేదిగా" అంటోంది పాప.