ఎస్‌ఏసీడీకి అంత డబ్బు పోయాలా? మామూలు సీడీ చాలదా?

బెజవాడ_బేస్

ఈ గొడవ ఇక్కడ కొత్తది కాదని తెలుసు, అయినా మళ్లీ ఎత్తుతున్నా. నిన్న అమ్మకాల విభాగంలో ఒకాయన తన సీడీలన్నీ వదిలించుకుంటున్నానని పోస్టు పెట్టారు. అవే ఆల్బమ్‌లు ఎస్‌ఏసీడీలో (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీకంటే ఎక్కువ వివరంగా ధ్వనిని దాచే డిస్కు) కొంటున్నారట. "ఎస్‌ఏసీడీ విన్న చెవికి సీడీ ఎక్కదు" అని కింద ఒక ముక్క కూడా తగిలించారు. దానికి బోలెడు లైకులు.

నా అభ్యంతరం సూటిగా చెప్తా. 1982లో సోనీ, ఫిలిప్స్ తెచ్చిన సీడీలో సెకనుకి 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోటి 16 బిట్లు. అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది, నెమ్మది శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల చోటు ఉంటుంది. మన చెవి కుర్రతనంలో అయితే 20 కిలోహెర్ట్జ్ వింటుంది. ఇక్కడున్న మనలో సగం మందికి 15 కూడా గగనమే. మరి 1999లో అవే రెండు కంపెనీలు తెచ్చిన ఎస్‌ఏసీడీ అదనంగా ఇచ్చేది ఎవరి కోసం?

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్లో వచ్చింది. ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియోల నుంచి వచ్చే సిగ్నల్‌ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి కుదించే పెట్టె గుండా పంపి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అదే వచ్చేది.

హైఫై_హనుమంతు

ఆ ఒకాయన్ని నేనే. పేరు దాచడమెందుకు? సీడీలు నావి, డబ్బు నాది, కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

పరీక్ష గురించి మాత్రం మాట్లాడదాం. మీ మేయర్, మోరన్ వాడిన డిస్కుల్లో కొన్ని పాత టేపుల నుంచి చేసినవి, కొన్ని మామూలు డిజిటల్ రికార్డింగ్‌ని పెంచి ఎక్కించినవి అని అప్పుడే విమర్శలు వచ్చాయి. సరుకే లేని డిస్కులో తేడా వినమంటే ఎవడు వింటాడు? 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ అదే జర్నల్లో 18 ప్రయోగాలు కలిపి లెక్క వేశారు. 12 వేలకు పైగా ప్రయత్నాల్లో 52.3 శాతం సరైన జవాబులు. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతలకు అంతకంటే బాగా వచ్చింది. అంటే తేడా వినపడుతోందన్నమాట.

నేను వినేది పియానో. మీట నొక్కి వదిలాక ఆ స్వరం హాల్లో కరిగిపోయే చివరి రెండు మూడు సెకన్లు. సీడీలో అది ఒకచోట ఆగిపోతుంది, ఎస్‌ఏసీడీలో ఇంకాస్త సాగుతుంది. కాదంటే మా ఇంటికి రండి, కాఫీ ఇచ్చి మరీ వినిపిస్తా.

బెజవాడ_బేస్

52.3 శాతం! ఆ 2.3 కోసం ఒక్కో డిస్కుకి 30 డాలర్ల పైచిలుకు, షిప్పింగ్, దానిమీద కస్టమ్స్. కాఫీకి మాత్రం వస్తానండీ హనుమంతు గారూ, కానీ ఏ డిస్కు పెట్టారో నాకు చెప్పకూడదు. మీకూ తెలియకూడదు.

చెవులపిల్లి

వీళ్లిద్దరి కాఫీకి నేనూ వస్తా. కళ్లకు గంతలు నా తరఫున.

మిక్సర్_మూర్తి

నేను చెన్నైలో స్టూడియోలో పనిచేస్తాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

హనుమంతు గారికి తేడా వినపడుతోందంటే నమ్ముతాను. అది ఫార్మాట్ వల్ల వచ్చిన తేడా అంటేనే ఒప్పుకోను.

2003లో పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ముప్పై ఏళ్ల సందర్భంగా హైబ్రిడ్ ఎస్‌ఏసీడీగా వచ్చింది. హైబ్రిడ్ అంటే ఒకే డిస్కులో రెండు లేయర్లు. ఎస్‌ఏసీడీ లేయర్ 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది, దాన్ని 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ చదువుతుంది. సీడీ ప్లేయర్లో ఉండే 780 నానోమీటర్ల కిరణం దాన్ని దాటి వెళ్లి 1.2 మిల్లీమీటర్ల లోతున్న సీడీ లేయర్‌ని చదువుతుంది. చాలామంది ఈ డిస్కు పెట్టి, బటన్‌తో ఒక లేయర్ నుంచి ఇంకోదానికి మారుస్తూ "చూశారా తేడా!" అన్నారు. తేడా నిజంగానే ఉంది. స్టీరియోఫైల్ పత్రిక కొలిచి చూస్తే, సీడీ లేయర్లో సంగీతాన్ని నెమ్మది, పెద్ద శబ్దాల తేడా తగ్గేలా నొక్కి, వాల్యూమ్ పెంచి పెట్టినట్టు తేలింది. ఎస్‌ఏసీడీ లేయర్లో అంత నొక్కుడు లేదు. కాబట్టి అక్కడ జనం పోల్చింది రెండు మాస్టరింగ్‌లని (మాస్టరింగ్ అంటే పాటని డిస్కుకి ఎక్కించే ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసే పని). ఫార్మాట్ల పోలిక జరగనే లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో మాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. సీడీ కారులో మోగాలి, చిన్న స్పీకర్లో మోగాలి, పక్కవాడి పాటకంటే గట్టిగా మోగాలి. అందుకని లిమిటర్ (శిఖరాలు ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) పెట్టి నొక్కుతారు. అలాంటి పాటని ఎడిటర్‌లో తెరిస్తే శిఖరాలన్నీ ఒకే ఎత్తులో తెగి కనిపిస్తాయి. డ్రమ్ము మీద కర్ర పడిన ఆ మొదటి దెబ్బ పోతుంది. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' సీడీ విషయంలో అభిమానులే ఇది పట్టుకున్నారు. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియోగేమ్‌లో నొక్కకుండా వచ్చాయి. గేమ్‌లోవే బాగున్నాయని, ఆల్బమ్ మళ్లీ మిక్స్ చేయమని ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. గేమ్‌లో పాట బాగుండటానికి అక్కడ హై-రెజల్యూషన్ (సీడీని మించిన వివరం) ఏమీ లేదు!

ఎస్‌ఏసీడీ కొనేవాడు మంచి సిస్టమ్ ముందు కూర్చుని వింటాడని ఇంజనీర్‌కి తెలుసు, కాబట్టి వాడికోసం జాగ్రత్తగా చేస్తాడు. మేయర్, మోరన్ కూడా తమ వ్యాసం చివర ఈ మాటే అన్నారు. ఆ డిస్కులు చాలా సీడీలకంటే బాగా వినిపిస్తున్నాయని, కారణం వాటిని తయారుచేసిన తీరని. వాళ్ల 276 అంకె చెప్పేవాళ్లు ఈ పేరా చదవరు. బేస్ గారూ, మిమ్మల్నే.

ఇంకో చిన్న విషయం. రెండింటి వాల్యూమ్ కొలిచి సమానం చేయకపోతే ఏ పోలికా పనికిరాదు. అర డెసిబెల్ ఎక్కువ మోగితే మనకి "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. చెవితో సరిపోల్చితే కుదరదు, మీటర్ కావాలి.

బెజవాడ_బేస్

చదివానండీ ఆ పేరా. అది నా వైపే ఉంది కదా? అదే మాస్టరింగ్‌ని సీడీలో పెడితే సరిపోయేది. పెట్టరు, ఎందుకంటే అప్పుడు ఎస్‌ఏసీడీ ఎవరు కొంటారు?

మిక్సర్_మూర్తి

కావాలని చేశారని నేను అనను. కానీ కొనేవాడికి మిగిలేది మాత్రం అదే. మంచి మాస్టరింగ్ కావాలంటే ఖరీదైన పెట్టె కొనాలి.

హైఫై_హనుమంతు

సరే మూర్తి గారూ, కారణం ఏదైనా నాకు మంచి శబ్దం దొరికేది ఆ పెట్టెలోనే కదా. మరి నా మీద ఈ దాడి ఎందుకు?

ఎడిసన్_శాస్త్రి

న్యూజెర్సీ నుంచి. అందరూ స్టీరియో గురించే కొట్టుకుంటున్నారు. ఎస్‌ఏసీడీలో 5.1 (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, బేస్‌కి ఒకటి) ఉంది, సీడీలో లేదు. ఈ ఒక్క విషయంలో పరీక్షలూ శాతాలూ అక్కర్లేదు.

నేను కొనేది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. 1970లలో ఫిలిప్స్ వాళ్లు చాలా ఆర్కెస్ట్రాలని నాలుగు చానెళ్లలో రికార్డు చేసి, బయటికి మాత్రం స్టీరియో ఎల్పీలుగానే వదిలారు. ఆ టేపులు అలాగే మూలపడి ఉన్నాయి. 2001లో ఫిలిప్స్ క్లాసిక్స్ నుంచి బయటికొచ్చిన వాళ్లు నెదర్లాండ్స్‌లో పెంటాటోన్ అనే లేబుల్ పెట్టి, వాటిని ఎస్‌ఏసీడీలుగా తెచ్చారు. వెనక స్పీకర్లలో వాయిద్యాలేమీ ఉండవు, హాలు గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని మాత్రమే ఉంటుంది. వెనకవి ఆపేస్తే అప్పుడు తెలుస్తుంది ఏం పోయిందో. తీగవాయిద్యాల బృందం ఒక్కసారిగా రెండు స్పీకర్ల మధ్యకి ముడుచుకుపోతుంది.

ఇంకోటి, ఈ లేబుళ్ల హైబ్రిడ్ డిస్కులు మామూలు సీడీకంటే మహా అయితే నాలుగైదు డాలర్లు ఎక్కువ. 30 డాలర్లు అన్నది పాత రాక్ ఆల్బమ్‌ల రీఇష్యూల ధర. అచ్చు ఆగిపోయిన వాటి సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ బేరం చేసేవాళ్లలో ఎంతమంది వింటారో నాకు అనుమానమే.

మిక్సర్_మూర్తి

శాస్త్రి గారి మాటకి ఎదురు లేదు. ఒక్క పిట్టకథ. మీ రిసీవర్లో రూమ్ కరెక్షన్ (గదికి తగ్గట్టు ధ్వనిని సర్దే లెక్క) ఆన్‌లో ఉందా? చాలా రిసీవర్లు ఆ లెక్కలు వేయడానికి ముందు ఎస్‌ఏసీడీలోని డీఎస్‌డీ (ఒక్క బిట్టుతో చాలా వేగంగా ధ్వనిని రాసే పద్ధతి) సిగ్నల్‌ని పీసీఎంగా (సీడీలో వాడే పద్ధతి) మార్చేసుకుంటాయి, ఎక్కువగా 88.2 కిలోహెర్ట్జ్‌కి. "పీసీఎం వాసన కూడా గిట్టదు" అనేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి పీసీఎమ్మే వింటున్నారు, హాయిగా.

ఆ మాటకొస్తే తయారీలోనూ అంతే. ఒక్క బిట్టు డీఎస్‌డీలో ఫేడర్ (వాల్యూమ్ మీట) కదపడం కూడా కష్టం, అందుకే ఎడిటింగ్ చాలావరకు 352.8 కిలోహెర్ట్జ్ పీసీఎంలో చేసి, చివర్లో డీఎస్‌డీ చేస్తారు.

బెజవాడ_బేస్

ఇది చూస్తే 2022లో మొబైల్ ఫిడెలిటీ గొడవ గుర్తొచ్చింది. తెలియనివాళ్లకి: అమెరికాలో ఈ కంపెనీ ఖరీదైన ఎల్పీలు తీస్తుంది. టేపు నుంచి రికార్డు దాకా అంతా అనలాగ్ అనుకుని జనం కొన్నారు. మధ్యలో డీఎస్‌డీ మెట్టు ఉందని ఆ ఏడాది బయటపడింది. కోర్టుకెక్కారు, 25 మిలియన్ డాలర్ల దాకా సెటిల్‌మెంట్ అయింది. అన్నేళ్లూ "డిజిటల్ అయితే చెవికి ఇట్టే తెలిసిపోతుంది" అన్న ఒక్క ఎల్పీ భక్తుడూ అవి విని పట్టుకోలేదు. చెవి అంటే ఇదీ.

హైఫై_హనుమంతు

భలే దొరికారు. అంత గట్టి ఎల్పీ భక్తులే పట్టలేకపోయారంటే డీఎస్‌డీ ఎంత స్వచ్ఛమైనదో మీరే చెప్తున్నారు కదా!

చెవులపిల్లి

ఒకే సాక్షి, రెండు పక్షాల తరఫునా సాక్ష్యం చెప్పేశాడు. కేసు వాయిదా.

పాతపాటల_పద్మ

మీ రాక్, పియానోల మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మన పాటలు ఎస్‌ఏసీడీలో నేనెప్పుడూ చూడలేదు, వస్తాయన్న ఆశా లేదు. కానీ ఈ హై-రెజల్యూషన్ పిచ్చి మన పాటల్లోకి స్ట్రీమింగ్ దారిన వచ్చేసింది. మొన్న ఒక యాప్‌లో 1950ల నాటి పాట పక్కన 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని బిళ్ల చూశాను. ఆ కాలం సినిమా పాట మనదాకా వచ్చింది 78 ఆర్పీఎం రికార్డు మీదో, ఫిల్మ్ మీద సౌండ్ ట్రాక్ నుంచో. ఆ ఆప్టికల్ ట్రాక్‌లో 8 కిలోహెర్ట్జ్ దాటితే ఉండేది గరగరే. దాన్ని 192లో దాచి ఏం చేసుకుంటాం?

నా గోడు వేరే. నా దగ్గర పాత పాటల సీడీ ఒకటి ఉంది, కంపెనీ పేరు ఎందుకులెండి. గరగర తీసేయాలని వయొలిన్లని కూడా తీసేశారు. చరణానికి ముందు వచ్చే ఆ తీగల గుంపు దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంటుంది. పైగా లేని ఎకో. అదే పాట మా నాన్నగారి ఈపీ రికార్డు మీద గరగరతో సహా ప్రాణంతో ఉంటుంది. మంచి టేపు వెతికి, శ్రద్ధగా శుభ్రం చేసి, మామూలు సీడీగా ఇస్తే నాకు జీవితానికి చాలు. ఆ శ్రద్ధ పెట్టేవాళ్లు లేక ఏడుస్తుంటే మీరు లేయర్ల దగ్గర కొట్టుకుంటున్నారు.

మిక్సర్_మూర్తి

పద్మ గారూ, శుభ్రం చేసే పనికి 24 బిట్, 96 నిజంగానే అక్కరకొస్తుంది. గీత చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది, కాబట్టి పాటని ముట్టుకోకుండా తీయొచ్చు. పని అయ్యాక సీడీకి దించితే పోయేదేం లేదు. మిగతా మీ బాధకి మా వృత్తివాళ్లందరి తరఫునా తలదించుకుంటున్నా.

హైఫై_హనుమంతు

మన సంగీతం అసలే లేదని అనకండి. విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించిన 'ఎ మీటింగ్ బై ది రివర్' ఉంది. 1992లో శాంటా బార్బరాలో ఒక ప్రార్థనామందిరంలో అనలాగ్ టేపు మీద రికార్డు చేశారు, గ్రామీ వచ్చింది. తరవాత ఎస్‌ఏసీడీగా కూడా తెచ్చారు. మోహనవీణ మీద కడ్డీ జారేటప్పుడు గది మొత్తం పలుకుతుంది.

మిక్సర్_మూర్తి

నా దగ్గర దాని మామూలు సీడీ ఉంది. గది అందులోనూ పలుకుతుంది. మైకులు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు చేశాడు.

కొత్తశ్రోత

అందరికీ నమస్కారం. నాకు రెండు స్పీకర్లు, ఒక పాత సీడీ ప్లేయర్ ఉన్నాయి. ఇదంతా చదివాక ఎస్‌ఏసీడీ ప్లేయర్ కొనాలా వద్దా అని టెన్షన్ పట్టుకుంది.

మిక్సర్_మూర్తి

రెండు స్పీకర్లకయితే వద్దు. ప్లేయర్లు తీసేవాళ్లూ తగ్గిపోయారు. అన్ని రకాల డిస్కులూ చదివే ప్లేయర్లు తీసిన ఒప్పో 2018లో వాటి తయారీ ఆపేసింది, ఇప్పుడు వాడినవే ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. మీకు నచ్చిన ఆల్బమ్‌కి ఏ ఏడాది మాస్టరింగ్ బాగుందో ముందు వెతకండి. తరచుగా అది 1980లలో వచ్చిన మొదటి సీడీయే అవుతుంది, పాతసామాన్ల ధరకి దొరుకుతుంది. ఎస్‌ఏసీడీయే మంచిదని తేలితే హైబ్రిడ్ కొనండి, సీడీ లేయర్ మీ ప్లేయర్లో పలుకుతుంది. అయితే ఆ లేయర్‌కి కూడా అదే మాస్టరింగ్ వాడారా లేదా అని అడిగి కొనండి. జపాన్ నుంచి వచ్చే ఎస్‌హెచ్‌ఎం-ఎస్‌ఏసీడీలకి సీడీ లేయరే ఉండదు, వాటి జోలికి పోకండి.

ఎడిసన్_శాస్త్రి

వెనక రెండు స్పీకర్లు కొన్న రోజున నాకు మెసేజ్ పెట్టండి. అప్పుడు జవాబు మారుతుంది.

హైఫై_హనుమంతు

కొత్తశ్రోత గారూ, పియానోవి కొన్ని హైబ్రిడ్లు నా దగ్గర రెండేసి కాపీలున్నాయి, ఒక్కోటి ఇచ్చేస్తా. ధర సీడీ లేయర్‌కే వేస్తాను. పక్క లేయర్ బేస్ గారి లెక్క ప్రకారం వినపడదు కాబట్టి ఉచితం.

బెజవాడ_బేస్

ఆ లెక్కన అయితే నేనూ తీసుకుంటా. పోస్టేజీ ఎంత?